పదిహేడు లక్ష్యాలు, ఒక మాపటి బస్సు

కొత్తగ గ్రామసేవక్ నౌకరిల చేరిన పిల్లలు అప్పుడప్పుడు నాందేడ్ల మా ఇంటికి అస్తుంటరు. చాయ తాగుకుంట అందరు ఒకటే అడుగుతరు, ఊరి ఆరాఖడా మంచిగ రాయాలంటే ఎట్ల కాకా అని. ఆరాఖడా అంటే అచ్చే ఏడు ఊర్ల ఏమేం పనులు చెయ్యాల్నో గ్రామపంచాయతి రాసుకునే ప్రణాళిక. ముప్పై ఏండ్లు అదే పని చేసిన గనుక దాని కీలకం నాకు తెలుసని వాళ్ల నమ్మకం. నేను మంచిగ రాసిన ఆరాఖడాల సంగతి వాళ్లకు చెప్ప. అవి నాకే యాదికి లేవు. తప్పు రాసింది ఒకటి ఉంది, దాని సంగతి చెప్త.

మాది దెగ్లూర్ దిక్కు ఒక సరిహద్దు పల్లె. ఇంట్ల తెలుగు, బడిల మరాఠీ, బజార్ల దక్కనీ. నౌకరిల చేరిన కొత్తల కచేరికి అచ్చిన ఒక ముసలి రైతుతోని తెలుగుల మాట్లాడిన. అప్పటి సాబ్ అందరి ముంగట నవ్వి, ఇది సర్కారు కచేరి, మీ ఇంటి అరుగు గాదు అన్నడు. చిన్న మాటనే. గని పడుసుతనం గదా, మస్తు తగిలింది. ఆనాటి నుంచి నౌకరిల నేను తెలుగు ఇడిసిపెట్టిన. తెలుగు మాట్లాడే ఊర్లల్ల పనిచేసినప్పుడు గూడ మరాఠీలనే అడుగుతుంటి, మరాఠీలనే రాసుకుంటుంటి. ఎవరన్న తెలుగుల మాట్లాడితే తెల్వనట్టు మొకం పెడుతుంటి.

నా ఆఖరి పోస్టింగు గసొంటి ఊరే. ఊరి బస్సు తప్పితే పెద్ద రోడ్డు మీది ఫాటా కాడ, అంటే ఊరికి తొవ్వ చీలే కాడ, దిగి మూడు కిలోమీటర్లు లోపటికి నడువాలె. సగం ఊరు తెలుగోళ్లు, పెండ్లి సంబంధాలన్నీ నిజామాబాద్ దిక్కే. నేను ఆ ఊరికి పోయి ఐదేండ్లయింది, రిటైరయ్యేందుకు రెండేండ్లున్నది. అప్పుడు పైనుంచి కొత్త హుకుం అచ్చింది. ఇగ ముందు ఊరి ఆరాఖడా ప్రపంచం లెక్కన రాయాలె అన్నరు.

మా అందరిని నాందేడ్‌కు పిలిచి మూడు రోజులు ట్రైనింగు ఇచ్చిన్రు. ప్రపంచంల ఉన్న దేశాలన్నీ కూసోని పదిహేడు లక్ష్యాలు రాసుకున్నయట. ఆకలి ఉండొద్దు, గరీబీ ఉండొద్దు, అందరికి చదువు ఉండాలె, నీళ్లుండాలె, ఆడ మొగ తేడా ఉండొద్దు. మరాఠీల దానికి శాశ్వత వికాస ధ్యేయాలు అని పేరు. ఆ పదిహేడును పల్లెలకు సరిపోయేటట్టు తొమ్మిది అంశాలు చేసిన్రు. ఊరు కూసోని ఒకటో రెండో ఎంచుకోవాలె, దాని మీద సంకల్పం చెయ్యాలె. దాంతోని పాటు ఇంత మందం ప్రశ్నల ఫారం. జవాబులు కంప్యూటర్ల నింపితే ఊరికి మార్కులు పడతయి. మార్కులు ఎక్కువ పడ్డ ఊరికి అవార్డు.

ఇప్పుడు చెప్పొచ్చు గనుక చెప్తున్న, ఆ మూడు రోజుల భోజనం యాదున్నంతగ పాఠం యాదికి లేదు. ముప్పై ఏండ్లల్ల ఎన్నో పథకాలు అచ్చినయి, పోయినయి. ఇది గూడ గట్లనే పోతది అనుకున్న.

మా పంచాయతిల కంప్యూటర్ మీద పనిచేసే ఆమె ఆ ఊరి కోడలు. ఇరవై ఏడో ఎనిమిదో ఉంటయి, ఒక కొడుకున్నడు. బోధన్ దిక్కు నుంచి పెండ్లయి అచ్చింది. తెలుగు మీడియం చదువు. పెండ్లయినంక మరాఠీ నేర్చుకోని, టైపింగు నేర్చుకోని, కాంట్రాక్టు మీద ఈ పనిల చేరింది. మాట తక్కువ, పని సాఫు. నాకంటె ఆమెనే బాగ నడిపిస్తుండె ఆఫీసు.

ఫారం ఆఖరి తారీఖు దగ్గరికచ్చింది. నది ఒడ్డు ఊర్ల పనిచేసే నా దోస్తు అప్పటికే నింపిండు. నేను ఆయన కాడికెల్లి ఆరాఖడా తెప్పించి, ఊరి పేరు మార్చి ఎక్కియ్యమని ఆమెతోని చెప్పిన. ప్రశ్నల జవాబులు మాత్రం నేనే పక్కన కూసోని చెప్పుకుంట పోయిన. నల్లా ఉందా, ఉంది. మరుగుదొడ్డి ఉందా, ఉంది. గిట్ల పోతాంటే ఒక ప్రశ్న అచ్చింది: ఏడో తరగతి దాటినంక బడి మానేసిన ఆడపిల్లలు ఎందరు?

సున్నా అన్న నేను. పిల్లల పేర్లు బడి రిజిస్టర్ల ఉన్నయి, ఇగ మానేసుడేంది అనుకున్న.

ఆమె చెయ్యి ఆపి నా దిక్కు చూసింది. "కొట్టనా సార్?" అని అడిగింది. కొట్టు అన్న. కొట్టింది.

పదిహేను దినాలకు మార్కులు అచ్చినయి. మా తాలూకాల మా ఊరే ఫస్టు. మా మీద విస్తార అధికారి ఒకాయన ఉండె. పది పదిహేను పంచాయతీల పని చూసే ఆఫీసరు. ఆయన, నేను ఒకటే ఏడు నౌకరిల చేరినోళ్లం. ముఖేడ్ దిక్కాయన, మరాఠీ తప్ప తెలుగు ఒక్క ముక్క రాదు. జొన్న రొట్టె, మిరపకాయ ఠేచా డబ్బల కట్టుకోని ఊరూరు తిరిగే మనిషి. ఆ దినం మిఠాయి పట్టుకోని అచ్చి, ముసలితనంల మంచి పని చేసినవు భావు అన్నడు. సరపంచ్ ఐతే ఇగ అవార్డు అచ్చినట్టేనని, ఊరి మొగదల స్వాగత కమాన్ కట్టించి దాని మీద అవార్డు పేరు రాయిద్దామని అందరితోని చెప్పుకుంట తిరిగిండు. మంచి మనిషే. ఊరికి ఏదన్న కనవడేటట్టు చెయ్యాలని ఆయన ఆశ.

అంతా అయినట్టే. ఒక మహిళా సభ మిగిలింది. పెద్ద గ్రామసభకు ముందు ఆడోళ్ల సభ వేరేగ పెట్టాలని నియమం. అంతకు ముందు ఏండ్లల్ల మేము ఇంటింటికి రిజిస్టర్ పంపి దస్కతులు తెప్పిస్తుంటిమి, సభ అయినట్టు రాస్తుంటిమి. ఆ ఏడు సభ ఫోటో, జాగా గుర్తుతోని సహా ఎక్కియ్యాలె అన్నరు. అందుకు నిజంగనే సభ పెట్టవలసి అచ్చింది.

సోయాబీన్ కోతలు అయిపోయినయి. బడి వరండాల పగటిపూట నలభై మంది దాకా ఆడోళ్లు అచ్చి కూసున్నరు. నేను నిలవడి ట్రైనింగుల ఇచ్చిన మరాఠీ కాగితం సదువుడు మొదలుపెట్టిన. పదిహేడు ధ్యేయాలు, తొమ్మిది అంశాలు. ఒక్కరు గూడ ఉలకలే. వాళ్లల్ల వాళ్లు తెలుగుల గుసగుస పెడుతున్నరు. నడుమ ఒక ముసలవ్వ, ఊర్ల కాన్పులు చేసే ఆమె, పక్కామెతోని గట్టిగనే అన్నది: "ఊకె శాశ్వతం శాశ్వతం అంటున్నడు, ఏంది గది శాశ్వతం? నా మొగడు శాశ్వతం గాలే, మొన్న ఏసిన రోడ్డు శాశ్వతం గాలే."

అందరు నవ్విన్రు. నేను గూడ నవ్విన. ఆ నవ్వులనే, ఎట్ల అచ్చిందో తెల్వదు, నోట్లకెల్లి తెలుగు అచ్చింది.

"అవ్వా, శాశ్వతం అంటే గది గాదు. ఇయ్యాల మనం బాయిల నీళ్లు తోడుకున్నట్టే రేపు మన మనుమరాండ్లు గూడ తోడుకోవాలె. మనం మొత్తం ఒడగొట్టి పోవద్దు. గంతే."

అవ్వ నన్ను కిందికెల్లి మీదికి చూసింది.

"నీకు తెలుగు అస్తదా సారూ?"

"అస్తది అవ్వా. మాది తెలుగే."

"మరి ఐదేండ్ల నుంచి నీ ముంగటనే నిన్ను తిట్టుకుంటున్నం గదా."

"ఎరుకే. అన్నీ ఇన్న."

ఇగ ఆ నవ్వు చూడాలె. ఒకామె కొంగు మొకానికి అడ్డం పెట్టుకున్నది. వానకాలం నల్లా బందయినప్పుడు ఆమె నా ఏడు తరాలను తిట్టింది, అది నాకు బాగ యాదుండె. ఆ నవ్వులైనంక మాట మొదలయింది. పొలాలల్ల కూలి సంగతి, అంగన్‌వాడి కిటికీ సంగతి, మోరీల సంగతి. నేను ఐదేండ్లల్ల ఇననన్ని మాటలు ఒక గంటల ఇన్న. అప్పుడు అవ్వనే అడిగింది, ఇంతకు ఆ కాగితంల ఏం రాసినవో తెలుగుల సదువు అని.

సదవకుండ ఉండాల్సింది అనుకునేరు. సదివిన. మూడో పేజీల చేపలు పట్టేటోళ్లకు పడవల శెడ్డు అని అచ్చింది. నది ఒడ్డు ఊరి ఆరాఖడా గదా, పేరు మారింది, శెడ్డు అట్లనే ఉంది. మా ఊర్ల పడవ తేలేటంత నీళ్లు ఏ కాలంల గూడ ఉండయి. ఆడోళ్లు పొట్ట పట్టుకోని నవ్విన్రు. నాకు సిగ్గయింది, గని ఆ సిగ్గు ఇంకా తేలికది. జల్ది జల్ది కింది ప్రశ్నలకు పోయిన. బడి మానేసిన ఆడపిల్లలు, సున్నా అని సదివిన.

ఈసారి ఎవరు నవ్వలే.

ఎనుక గోడ కాడ ఫోటోలు తీస్తున్న మా కంప్యూటర్ ఆమె ఫోను కిందికి దించింది. "సార్, మా ఇంట్ల ఒకతి ఉంది" అన్నది. "నా ఆడబిడ్డ. పేరు బడిల ఉంది, పిల్ల ఇంట్ల ఉంది. రెండేండ్లాయె. ఆ సున్నా కొట్టింది నేనే."

ఆమె గొంతుల కోపం లేదు. అది ఉన్నా బాగుండు అనిపించింది నాకు. తర్వాత ఒక్కొక్కరు చెప్పుకుంట పోయిన్రు. మా పెద్దది, మా చెల్లె, మా మరిది బిడ్డ. నేను కాగితం ఎనుక రాసుకున్న. పదకొండు పేర్లయినయి.

కారణం అందరిది ఒకటే, బస్సు. మా ఊర్ల బడి ఏడు దాకనే. ఎనిమిది నుంచి తాలూకా ఊరికి పోవాలె. పొద్దుగాల బస్సు ఉంది, మంచిదే. మాపటి బస్సు అక్కడ నాలుగున్నరకు కదులుతది. బడి ఐదింటికి ఇడుస్తది. బస్సు అందుకోవాలంటే ఆఖరి పీరియడ్లు ఇడిసిపెట్టి ఉరుకాలె. ఆ ఆఖరి పీరియడ్లే గణితం, సైన్సు. ఏడాది అట్ల ఉరికితే పరీక్షల తప్పుతరు. ఉరుకకుంటే ఆటోల ఫాటా దాకా అచ్చి, మునిమాపుల చెరకు తోటల నడుమ మూడు కిలోమీటర్లు నడువాలె. మొగపిల్లలకు సైకిళ్లు, బండ్లు ఉన్నయి. ఆడపిల్లలను ఇంట్ల వాళ్లు ఒక ఏడాది చూసి, ఇగ చాలు తియ్యి అంటున్నరు. ఆ బస్సును నేను గూడ ఐదేండ్ల నుంచి ఎక్కి దిగుతున్న. దాంట్ల ఆడపిల్లలు తక్కువైతున్నరని నా కంటికి ఎన్నడు ఆనలే.

తెల్లారి విస్తార అధికారి కాడికి పోయిన. సున్నాను పదకొండు చెయ్యాలె అని చెప్పిన. ఆయన డబ్బ మూత పెట్టి నా మొకం చూసిండు. ఫారం తాళం పడ్డది, అది తెరువాలంటే నేను తప్పు సమాచారం ఇచ్చిన అని నువ్వు రాసియ్యాలె అన్నడు. నోటీసు అస్తది, సర్వీసు బుక్కుల ఎక్కుతది. రెండేండ్లల్ల రిటైరయ్యే మనిషివి. ఒక్క ఏడాది ఊకుండు, అచ్చే ఏడు ఫారంల సప్పుడు చెయ్యకుండ పదకొండు రాద్దాం అన్నడు. దోస్తుగ చెప్పిండు. అందుల అబద్ధం ఏం లేదు.

నేను ఊకున్న. పెద్ద మాటలు చెప్పను మీకు, నాలుగు దినాలు ఊకున్న. ఆఫీసుకు పోయిన, పుట్టుక, సావు దాఖలాలు రాసిచ్చిన, ఇంటికచ్చిన. పదకొండు పేర్ల కాగితం మడిచి జేబుల పెట్టుకోని తిరిగిన.

ఐదో దినం మా కంప్యూటర్ ఆమె ఒక అర్జీ తెచ్చి నా టేబుల్ మీద పెట్టింది. మరాఠీల, సాఫు అక్షరాలతోని. ఫలానా ప్రశ్నకు తప్పు అంకె నేను చూడక కొట్టిన, గ్రామసేవక్ సార్‌కు ఇందుల సంబంధం లేదు, దిద్దేందుకు ఇజాజతు ఇయ్యాలె. కింద ఆమె దస్కతు.

"నీది కాంట్రాక్టు నౌకరి. ఒక్క నోటీసుకు పోతది" అన్న.

"ఎరుకే సార్. మీకు పింఛను ఉంది గదా, మీకు తక్లీఫు ఎందుకని."

ఆ మాట ఆమె ఎత్తిపొడుపుగ అనలే, నిజంగనే నా మీద దయతోని అన్నది. ఆ అర్జీ తీసి సొరుగుల పెట్టి తాళమేసిన. వేరే కాగితం తీసి నేనే రాసిన. నాలుగు లైన్లు. పడవల శెడ్డు సంగతి గూడ అందులనే ఒప్పుకున్న, ఎట్లయినా తిట్లు పడేదే గదా అని.

నోటీసు అచ్చింది. పంచాయత్ సమితి పెద్ద సాబ్ పిలిపించిండు. మా పిల్లగాళ్ల వయసు ఉంటది ఆయనకు. నా నాలుగు లైన్లు రెండుసార్లు సదివి, తప్పు చేసినోళ్లు నాలుగు పేజీలు రాస్తరు, మీరు నాలుగు లైన్లే రాసిన్రేంది అన్నడు. ఇంకేం లేదు సాబ్ అన్న. సర్వీసు బుక్కుల తాకీదు పడ్డది. ఫారం తెరిచిన్రు. మా ఊరు ఫస్టు నుంచి ఎక్కడికో జారింది. అవార్డు పక్క ఊరికి పోయింది. సరపంచ్ నాతోని మాట బందు పెట్టిండు.

ఆ కోపంలనే పెద్ద గ్రామసభ అచ్చింది. మునుపు గ్రామసభకు ఆడోళ్లు నలుగురైదుగురు అస్తుండె. ఆ దినం వరండా సగం వాళ్లే. విస్తార అధికారి గూడ పరిశీలనకు అచ్చి కుర్చీల కూసున్నడు. సరపంచ్ లేచి, అవార్డు ఎట్లాగు పాయె, కమాన్ అన్నా కట్టుకుందాం, అంశం అదే రాయుండ్రి అన్నడు. ఒకామె బస్సు మాట ఎత్తింది. బస్సు మన పంచాయతి చేతుల ఉందా, డెపో చేతుల ఉంటది అన్నడు సరపంచ్. ఆయన అన్నది గూడ నిజమే.

కాన్పుల అవ్వ లేచింది.

"సరపంచూ, నీ బిడ్డ బడికెల్లి ఎట్ల అస్తది?"

"నేను బండి మీద తోలుకస్త."

"మంచిది. నా మనుమరాలిని గూడ తోలుకరారాదు? ఆ పదకొండు మందిని ఒక్క బండి మీద ఎట్ల కూసోబెడుతవో చూస్త."

ఆ అవ్వ చేతుల మీదనే పుట్టినోడు సరపంచ్. ఆయన నవ్వలేదు, కోపం గూడ చెయ్యలే. మరి అదే రాయుండ్రి అన్నడు.

రాయాలంటే ఎక్కడ రాయాలె? కంప్యూటర్ల ప్రతి పనికి ఒక సంకేతం ఉంటది. రోడ్డుకుంది, మోరీకుంది, కమాన్‌కు గూడ ఉంది. బస్సు వేళ మార్చుడుకు లేదు. మా కంప్యూటర్ ఆమె ఎంత ఎతికినా దొరకలే. అప్పుడు మా విస్తార అధికారి కుర్చీల కెల్లి లేచి అచ్చి స్క్రీన్ ముంగట నిలవడ్డడు. తెలుగు తెల్వకున్నా ఆ అవ్వ మాట ఆయనకు మొత్తం సమజయింది. ఆఖరి పేజీల ఖర్చు లేని పనులు అని ఒక గడి ఉందని చూపించిండు. మా తాలూకాల అందరు దాంట్ల ఊరు సాఫుగ ఉంచుడు అని ఒక్క మాట రాసి ఇడిసిపెడుతరు, ఇయ్యాల నిజమైన పని ఒకటి రాయుండ్రి అన్నడు. మాపటి బస్సు బడి ఇడిసినంక కదలాలె, అని ఠరావ్, అంటే తీర్మానం, చేసినం. అంశం కింద ఆ తొమ్మిదిట్లకెల్లి పిల్లల ఊరు, ఆడోళ్ల ఊరు అని రెండు పెట్టినం.

ఠరావ్ పట్టుకోని డెపోకు పోయినం. అక్కడి అధికారి మర్యాదగనే మాట్లాడిండు. ఆ బస్సు మీ ఒక్క ఊరిది గాదు, నాలుగు ఊర్లు తిరిగి ఆఖరి ఊర్ల రాత్రి ముక్కాం చేస్తది, నాలుగు ఊర్ల ఠరావ్‌లు తెండ్రి, మారుస్త అన్నడు. ప్రపంచ లక్ష్యం మా ఊరికి దిగిందనుకుంటే, మా ఊరి పని నాలుగు ఊర్ల పనయింది. మాట బందు పెట్టిన సరపంచే తన బండి తీసి, కూసో భావు అన్నడు. నేను ఎనుక కూసోని తిరిగిన. నడుమ రెండు ఊర్లు ఎమ్మటే ఒప్పుకున్నయి, వాళ్ల పిల్లలది గూడ అదే బాధ.

ఆఖరి ఊరు ఒప్పుకోలే. అక్కడి ఆడోళ్లు పొద్దుగాల కూరగాయల గంపలు తాలూకా ఊరికి తీస్కపోయి అమ్ముకోని, నాలుగున్నర బస్సుకే తిరిగి అస్తరు. బస్సు గంట ఎనుకకు పోతే పొయ్యి గంట ఎనుకకు పోతది. ఆ ఊరు మొత్తం మరాఠీ. మా ఎంట అచ్చిన కంప్యూటర్ ఆమె సభల లేచి తను నేర్చుకున్న మరాఠీల చెప్పింది. నా ఆడబిడ్డ తెలివిగలది, పొద్దున లేచి అంట్లు తోముతది, మాపటికి అంట్లు తోముతది, నడుమ నా పాత పుస్తకాలు తిప్పుతది అని చెప్పింది. అందరు ఇన్నరు. గని ఒక కూరగాయలామె, యాభై దాటినామె, లేచి అడిగింది: మీ పిల్లలది నిజమే, మరి మా పొయ్యి ఎవరు ముట్టిస్తరు?

ఒక ఆడపిల్ల చదువు, ఒక ఆడమనిషి పొయ్యి. ఏది పెద్దది అని ఏ ట్రైనింగుల చెప్పలే. మేము లేచి చెప్పులేసుకుంటాంటే ఆ కూరగాయలామెనే మళ్ల పిలిచింది.

"ఆ పోరగాండ్లు పొద్దుగాల పదింటికే బస్సు దిగుతరు. బడి పదకొండింటికి. నడుమ గంట నా గంప కాడనే కూసుంటరు, నా టమాటలు లెక్కవెట్టుకుంట. బస్సునే ఎందుకు జరుపుతరు? బడినే జల్ది తెరువుండ్రి."

నేను ముప్పై ఏండ్ల నౌకరిల ఇన్న మాటలల్ల అంత తేట మాట ఇంకోటి లేదు. బడి అరగంట ముందు పెడితే నాలుగున్నరకు ఇడుస్తది. బస్సు ఇరవై నిమిషాలు ఆగితే చాలు. ఇరవై నిమిషాలు నా పొయ్యి ఆగుతది అన్నది ఆమె. అక్కడనే ఠరావ్ అయింది.

తాలూకా బడి పెద్ద పంతులమ్మ మా మాట మొత్తం ఇన్నది. ఏండ్ల నుంచి ఆఖరి పీరియడ్ల ఎనుక బెంచీలు ఖాళీగ ఉంటున్నయి, పల్లె పిల్లలకు గణితమంటే ఇష్టం లేదనుకున్న అన్నది. నేను రిజిస్టర్ చూసి సున్నా రాసిన, ఆమె బెంచీలు చూసి ఇష్టం లేదనుకున్నది. ఇద్దరం ఒకరి మొకం ఒకరం చూసుకున్నం. ఆమెనే తిరిగి పైనుంచి మంజూరు తెచ్చింది. పట్నం పిల్లల తల్లిదండ్రులు కొందరు పొద్దుగాల జల్ది అయితదని గుణిసిన్రు, వారం దినాలకు అలవాటు పడ్డరు. ఎండకాలం సెలవుల తర్వాత బడి తెరిచిననాడు కొత్త వేళ అమలయింది. దేనికి పైస ఖర్చు గాలే.

పదకొండు మందిల తొమ్మిది మంది మళ్ల బడికి పోయిన్రు. ఒకామెకు అప్పటికే పెండ్లయింది. ఇంకొకామె కుట్టుపని నేర్చుకుంటున్న, అదే మంచిగుంది, నన్ను ఇడిసిపెట్టుండ్రి అన్నది. ఇడిసిపెట్టినం. మా కంప్యూటర్ ఆమె ఆడబిడ్డ తనకంటె చిన్నపిల్లల నడుమ తొమ్మిదిల కూసునేందుకు మొదట సిగ్గుపడ్డది, తర్వాత వాళ్లందరికి అక్కయింది. ఆ ఏడు ఫారంల ఆ గడిల రెండు అని పడ్డది. అది నిజమైన రెండు.

గందుకే కొత్త పిల్లలకు నేను చెప్పేది గింతే. పదిహేడు లక్ష్యాలు మంచియే, మస్తు ఆలోచించి రాసినట్టున్నరు. గని ఊర్లకు పోయినప్పుడు కాగితం సంచిల పెట్టి, వాళ్ల భాషల ఒక మాట మాట్లాడుండ్రి. తిట్లు గూడ ఇనుండ్రి. తిట్లల్లనే సగం ఆరాఖడా ఉంటది.

కొత్త వేళ మొదలైన దినం నేను పని ఉన్నా లేకున్నా పంచాయతి మెట్ల మీదనే కూసున్న. సరపంచ్ గూడ ఏదో పని ఉన్నట్టు అచ్చి నిలవడ్డడు. బస్సు అచ్చి ఆగింది. తొమ్మిది మంది దిగిన్రు, సంచులు, టిఫిన్ డబ్బలు, ఒకటే లొల్లి. ఎవరన్న మా దిక్కు చూస్తరేమో, ఒక మాట అంటరేమో అని మా ఇద్దరికి లోపట ఆశ ఉండె. ఎవరు చూడలే. ఆఖరికి కాన్పుల అవ్వ మనుమరాలు మా ముంగట ఆగింది.

"సార్, ఈ బస్సు గింత లేటేంది? ఇంటికి పోయి మేం హోంవర్క్ ఎప్పుడు చెయ్యాలె? జెర ముందుకు జరుపరాదు?"

సరపంచ్ నోరు తెరిచిండు. నేనే ముందు అన్న, దరఖాస్తు రాసియ్యి బిడ్డా, చూద్దాం అని. ఊకె అన్న మాట అది.

తెల్లారి పొద్దుగాల నేను ఆఫీసు తాళం తీసేందుకు పోయేసరికి తలుపు సందుల ఒక కాగితం ఉంది. నోటుబుక్కుల కెల్లి చింపిన పేజీ, మరాఠీల దరఖాస్తు, కింద తొమ్మిది దస్కతులు. నా కుర్చీల కూసోని, రిజిస్టర్ తెరిచి, దానికి నంబర్ ఏసిన.